పాట ఆగిన చోట అందుకోవడం: బ్లూస్ గిటార్‌లో లీడ్ నేర్చుకుంటున్న మా అనుభవం

(సంఘం వార్షికోత్సవ ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమని మన యువజన విభాగం మమ్మల్ని అడిగింది. మేము ఐదుగురం. ఇద్దరు ఆశ్రమ పాఠశాల టీచర్లు, ఒకరు కరెంటు లైన్‌మన్, ఒకరు ఏఎన్‌ఎం, ఒకరు డిగ్రీ చదువుతున్న తమ్ముడు. మాలో ఎవ్వరం విద్వాంసులం కాదు. పగలు ఉద్యోగం, చదువు. రాత్రి ఒక గంట గిటార్. మొదట కార్డులు కొట్టడం నేర్చుకున్నాం. నాలుగేళ్లుగా బ్లూస్‌లో లీడ్ వాయించడం నేర్చుకుంటున్నాం. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.

హాస్టళ్లలో గిటార్ పట్టిన పిల్లలను కలిసినప్పుడల్లా ఒకే మాట వింటున్నాం. "అన్నా, కార్డులు వచ్చాయి. స్కేలు కూడా వచ్చింది. లీడ్ మాత్రం రావడం లేదు." చాలామంది అక్కడే గిటార్‌ను గోడకు తగిలించేస్తున్నారు. ఈ రోజు మా మాటలు వాళ్ల కోసమే.

స్కేలుకూ లీడ్‌కూ నడుమ ఉన్నదేమిటి? మాకు అర్థమైనంతలో అది ఒక్కటే: జవాబు. ఎవరో ఒకరు ముందు పాడాలి. మనం వినాలి. వాళ్లు ఆగిన చోట మనం అందుకోవాలి. మన పెళ్లిళ్లలో అవ్వలు, అత్తలు రెండు వరుసల్లో నిలబడి చేసేది ఇదే. ఒక వరుస పాడుతుంది, రెండో వరుస అందుకుంటుంది. కాబట్టి లీడ్ అనేది మన చెవికి కొత్త కాదు. చేతికి మాత్రమే కొత్త.

ఈ పాట ఎవరిది

నేర్చుకునే ముందు ఇది ఎవరి పాటో తెలుసుకోవాలి. బ్లూస్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పుట్టింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం బిడ్డలది ఆ పాట. చట్టం ప్రకారం బానిసత్వం 1865లో పోయింది. పత్తి చేన్లు మాత్రం పాత దొరల చేతుల్లోనే ఉన్నాయి. నల్లజాతి రైతులు పాలుకు దున్నేవారు. పంట వచ్చాక లెక్క చూస్తే అప్పే మిగిలేది. భూమి, అడవి, అప్పు, షావుకారి లెక్క అనే మాటలు మన తాతల నోట విన్నవాళ్లకు ఆ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చేన్లలో పని చేసేటప్పుడు ఒకరు కేక వేసి పాడితే మిగతావాళ్లు అందుకునేవారు. చర్చిలో బోధకుడు ఒక మాట అంటే సభ జవాబు ఇచ్చేది. ఆ అలవాటు గిటార్‌లోకి వచ్చింది. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ అనే చిన్న రైల్వే స్టేషన్‌లో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండు మాస్టరు ఒక మనిషిని చూశాడు. చిరిగిన బట్టలు, చేతిలో గిటార్. తీగల మీద కత్తిని ఆనించి జరుపుతూ వాయిస్తున్నాడు. పాడుతూ, గిటార్‌తో తనకు తానే తోడు వాయించుకుంటున్నాడు. ఆ మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు. వినిన హ్యాండీ పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

తరువాత లక్షల మంది నల్లజాతి కూలీలు పత్తి చేన్లు వదిలి ఉత్తరాది నగరాలకు వలస వెళ్లారు. వాళ్లలో మడ్డీ వాటర్స్ ఒకరు. ఆయన 1943లో మిసిసిపీ నుంచి షికాగో చేరాడు. షికాగో క్లబ్బుల్లో జనం గోల ఎక్కువ. చెక్క గిటార్ చప్పుడు అక్కడ వినిపించదు. అందుకని ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. కరెంటు వచ్చాక గిటార్‌కు కొత్త గొంతు వచ్చింది. ఒక్క తీగ మీద ఒక్క స్వరాన్ని పట్టి, మనిషి గొంతులాగా సాగదీయడం వీలైంది. టెక్సస్‌లో పుట్టిన టీ-బోన్ వాకర్ 1947లో రికార్డు చేసిన 'కాల్ ఇట్ స్టార్మీ మండే' వింటే ఆ గొంతు తెలుస్తుంది. ఆ వాయింపు విన్నాకే తనకు ఎలక్ట్రిక్ గిటార్ కావాలనిపించిందని బి.బి. కింగ్ చెప్పుకున్నాడు.

ఖాళీ ఎక్కడ ఉందో ముందు చూడాలి

ఇప్పుడు పనిలోకి వద్దాం. బ్లూస్ పాటలు ఎక్కువగా పన్నెండు బార్లలో నడుస్తాయి. ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు. 'ఏ' శ్రుతిలో అయితే మొదటి నాలుగు బార్లు 'ఏ' కార్డు. ఐదు, ఆరు బార్లు 'డీ'. ఏడు, ఎనిమిది మళ్లీ 'ఏ'. తొమ్మిది 'ఈ', పది 'డీ', పదకొండు 'ఏ'. పన్నెండో బారులో 'ఈ' కొట్టి మళ్లీ మొదటికి వస్తాం. మొత్తం మూడే కార్డులు.

పాటలో మూడు వరుసలు ఉంటాయి. మొదటి వరుస పాడతారు. రెండోసారి అదే వరుస పాడతారు. మూడో వరుస దానికి ముగింపు చెబుతుంది. ఒక్కో వరుసకు నాలుగు బార్లు ఉన్నా, మాటలు సుమారు రెండు బార్లలోనే అయిపోతాయి. మిగిలిన రెండు బార్లు ఖాళీ. ఆ ఖాళీయే లీడ్ గిటార్ ఇల్లు.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 60 దెబ్బల నడకలో పన్నెండు బార్లకు 48 దెబ్బలు, అంటే 48 సెకన్లు. అందులో పాటకు సగం, గిటార్‌కు సగం. మనకు దక్కేది 24 సెకన్లు, అదీ మూడు ముక్కలుగా. ఒక్కో ముక్క ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో ఏం చెప్పాలన్నదే లీడ్ నేర్చుకునేవాడి పని. ఎన్ని స్వరాలు కూరగలం అన్నది కాదు.

అందుకే మేము కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి వారం గిటార్ ఇవ్వం. పాట పెట్టి, బార్లు లెక్కపెట్టమంటాం. పాట ఆగిన ప్రతి చోటా చప్పట్లు కొట్టమంటాం. డోలు చప్పుడులో పెరిగిన పిల్లలు ఇది తొందరగా పట్టుకుంటారు. బ్లూస్ నడకను షఫుల్ అంటారు. ఒక దెబ్బను మూడుగా చేసి, మొదటిదీ మూడోదీ పలికి, నడిమిదాన్ని వదిలేస్తే షఫుల్. నోటితో ముందు పలకండి. కాలితో తట్టండి. ఒళ్లు ఊగడం మొదలైతే నడక వచ్చినట్టే.

ఐదు స్వరాలు చాలు

లీడ్‌కు మొదట కావాల్సినవి ఐదు స్వరాలు. గిటార్ ఐదో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టండి. ఆరో తీగ, అంటే లావు తీగ మీద 5, 8 ఫ్రెట్లు. ఐదు, నాలుగు, మూడు తీగల మీద 5, 7. రెండు, ఒకటి తీగల మీద 5, 8. దీన్ని మైనర్ పెంటటానిక్ అంటారు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది శుద్ధ ధన్యాసిలా వినిపిస్తుంది: స, గ, మ, ప, ని. ఇదే చేతి ఆకారాన్ని మూడు ఫ్రెట్లు కిందికి, అంటే రెండో ఫ్రెట్‌కు జరిపి, 'ఏ' స్వరాన్నే ఆధారంగా పెట్టుకుంటే మేజర్ పెంటటానిక్ వస్తుంది. అది మోహనంలా వెలుగుగా ఉంటుంది. బ్లూస్ వాయించేవాళ్లు ఈ రెండింటి నడుమ తిరుగుతుంటారు. ఒకటి బాధ, ఇంకొకటి ఊరట అనుకోండి.

ఆ ఐదు స్వరాలకు ఆరోది ఒకటి కలుపుతారు. ఐదో తీగ ఆరో ఫ్రెట్, లేదా మూడో తీగ ఎనిమిదో ఫ్రెట్. దాన్ని బ్లూ నోట్ అంటారు. దాని మీద ఎక్కువసేపు నిలబడకూడదు. కాలువ దాటేటప్పుడు రాయి మీద కాలు పెట్టి పోయినట్టు దాటిపోవాలి.

ఇక్కడే పిల్లలు ఆగిపోయేది. ఐదు స్వరాలూ పైకీ కిందికీ వాయిస్తారు. మెట్లు ఎక్కి దిగినట్టు ఉంటుంది, పాటలా ఉండదు. ఎందుకంటే కింద కార్డు మారుతోంది, పైన చెయ్యి దాన్ని పట్టించుకోవడం లేదు. దానికి ఒక చిన్న ఉపాయం చెబుతాం. ప్రతి కార్డుకూ ఒక ఇల్లు పెట్టుకోండి. 'ఏ' కార్డు నడిచేటప్పుడు మొదటి తీగ ఐదో ఫ్రెట్ మీద ఆగండి. 'డీ' వచ్చినప్పుడు మూడో తీగ ఏడో ఫ్రెట్. 'ఈ' వచ్చినప్పుడు రెండో తీగ ఐదో ఫ్రెట్. మూడూ ఒకే చోట, చెయ్యి కదపకుండా దొరుకుతాయి. నడుమ ఎక్కడ తిరిగినా, కార్డు మారే వేళకు దాని ఇంటికి చేరుకోండి. ఈ ఒక్క అలవాటుతో వాయింపు మాటలా వినిపిస్తుంది. మాకు ఇది ఒంటబట్టడానికి ఆరు నెలలు పట్టింది. మీకు ఇంకా తొందరగా రావచ్చు.

తీగను లాగడం, స్వరాన్ని వణికించడం

మనిషి గొంతు మెట్ల మీద నడవదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది, ఎక్కుతుంది, వణుకుతుంది. గిటార్‌కు మాత్రం ఫ్రెట్లు ఉన్నాయి. వాటిని దాటడానికి బ్లూస్ వాళ్లు తీగను పక్కకు లాగుతారు. దాన్ని బెండ్ అంటారు.

రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద ఉంగరపు వేలు పెట్టండి. వెనక మధ్య వేలు, చూపుడు వేలు కూడా అదే తీగ మీద ఆనించండి. మూడు వేళ్లూ కలిసి తీగను పైకి తొయ్యాలి. బలం వేళ్లలోంచి కాదు, మణికట్టు తిప్పడంలోంచి రావాలి. ఎంత లాగాలి? పదో ఫ్రెట్ మీద పలికే స్వరం వచ్చేదాకా. ముందు పదో ఫ్రెట్ నొక్కి వినండి, తరువాత ఎనిమిది నుంచి లాగి అక్కడికి చేరండి. తక్కువైతే పాట ఏడ్చినట్టు కాదు, అపశ్రుతి అయినట్టు ఉంటుంది. రోజుకు పది నిమిషాలు, కళ్లు మూసుకుని, ఇది ఒక్కటే చేసినా చాలు.

చెక్క గిటార్ ఉన్నవాళ్లకు ఒక మాట. దాని తీగలు గట్టివి, మూడో తీగకు చుట్టు కూడా ఉంటుంది. దాన్ని లాగాలంటే వేళ్లు తెగుతాయి. మొదటి, రెండో తీగల మీదే సాధన చేయండి. షాపులో సన్నపు తీగల సెట్టు అడిగితే ఇస్తారు. ఖరీదైన గిటార్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఇంకొకటి చిన్న లాగుడు. మూడో తీగ ఐదో ఫ్రెట్‌ను కొంచెం, వెంట్రుకవాసి లాగండి. అది మైనర్ కాదు, మేజర్ కాదు, ఆ రెండింటి నడుమ ఉంటుంది. పియానో మీద ఆ స్వరం లేదు. మన అవ్వల పాటల్లో మాత్రం అలాంటి నడిమి స్వరాలు మేము చాలా విన్నాం. హార్మోనియం పక్కన పెట్టుకుని వాటిని పట్టుకోవాలని చూస్తే దొరకవు. లాగిన తీగ మీద దొరుకుతాయి.

ఇక వణుకు. దీని పేరు వైబ్రాటో. బి.బి. కింగ్ వైబ్రాటో ఎలా పుట్టిందో ఆయనే చెప్పుకున్నాడు. ఆయన 1925లో మిసిసిపీలో పుట్టాడు. పత్తి ఏరాడు, ట్రాక్టర్ నడిపాడు. 1946లో మెంఫిస్ వెళ్లి, తన తల్లికి బంధువైన బుక్కా వైట్ దగ్గర కొన్ని నెలలు ఉన్నాడు. బుక్కా వైట్ వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించేవాడు. ఆ జారుడు బి.బి. కింగ్ చేతికి రాలేదు. ఆ శబ్దం కావాలని చెయ్యి వణికిస్తూ పోయాడు. అలా వచ్చిన వణుకే ఆయన సంతకం అయింది. ఒక్క స్వరం విని ఇది బి.బి. కింగ్ అని ప్రపంచం గుర్తుపడుతుంది.

ఆయన గురించి ఇంకో సంగతి. పాడుతూ వాయించడం ఆయన పద్ధతి కాదు. పాడేటప్పుడు గిటార్ ఊరుకునేది. గిటార్ పలికేటప్పుడు ఆయన ఊరుకునేవాడు. 1964లో షికాగోలో రికార్డు చేసిన 'లైవ్ ఎట్ ద రీగల్' వినండి. ఒక మనిషి తనతో తానే రెండు వరుసల పాట పాడుకుంటున్నట్టు ఉంటుంది. మీ గదిలో తోడు ఎవరూ లేకపోతే సాధన అలాగే చేయండి. ఒక వరుస నోటితో పాడండి. గిటార్‌తో జవాబు ఇవ్వండి. నోటితో పాడలేనిదాన్ని గిటార్ మీద వాయించకండి. ఈ నియమం పెట్టుకున్నాక మా వాయింపులో స్వరాలు తగ్గాయి, వినేవాళ్లు పెరిగారు.

చెల్లెళ్లకు ఒక మాట

గిటార్ లీడ్ అబ్బాయిల పని అని హాస్టళ్లలో ఒక మాట ఉంది. మా బృందంలోని ఏఎన్‌ఎం అక్క ఈ భాగాన్ని తప్పకుండా చెప్పమంది. మెంఫిస్ మిన్నీ అనే ఆమె 1929 నుంచి రికార్డులు ఇచ్చింది. పాట ఆమెదే, గిటార్ ఆమెదే. 1940ల తొలి నాళ్లలోనే షికాగో క్లబ్బుల్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించింది. సిస్టర్ రోజెటా థార్ప్ చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటార్ మీద మోగించింది. రాక్ అండ్ రోల్ రావడానికి దారి వేసిన వాళ్లలో ఆమె పేరు ముందు చెప్పుకుంటారు.

మన దేశంలోనే చూడండి. మేఘాలయలో షిల్లాంగ్ ఉంది. అక్కడ రూడీ వాలాంగ్, ఖాసీ గాయని తిప్రితి ఖర్‌బంగర్ కలిసి 2003లో 'సోల్‌మేట్' అనే బ్లూస్ బృందం పెట్టారు. 2007లో మెంఫిస్ నగరంలో జరిగే అంతర్జాతీయ బ్లూస్ పోటీకి భారత్ తరఫున వెళ్లి వాయించారు. మన దేశపు కొండల నుంచి వెళ్లినవాళ్లు, ఆ పాట బతికే ఊళ్లో నిలబడి పాడారు. షిల్లాంగ్‌కు సాధ్యమైనది మన ఊళ్లకు ఎందుకు కాదు?

సాధన ఎలా చేయాలి

మా రాత్రి గంటను ఇలా పంచుకుంటాం. మొదటి పావుగంట కార్డులు, షఫుల్ మాత్రమే. లయ పట్టలేనివాడు లీడ్ నిలబెట్టలేడు. తరువాత పావుగంట బెండ్లు, వైబ్రాటో. ఆ తరువాత పావుగంట ఒకరు పన్నెండు బార్లు కొడితే ఇంకొకరు ఖాళీల్లో జవాబులు ఇస్తారు, ఆపైన స్థానాలు మార్చుకుంటారు. చివరి పావుగంట వినడం. ఆ రోజు వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వింటాం. అప్పటికప్పుడు వింటే అంతా బాగుందనిపిస్తుంది. మర్నాడు విన్న చెవి నిజం చెబుతుంది.

కలిసి వాయించేటప్పుడు నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, పాట నడిచేటప్పుడు లీడ్ నోరు మూసుకోవాలి. రెండు, ఒకరి వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లు చప్పుడు తగ్గించాలి. మూడు, కొత్తవాళ్లు మొదటిసారి ఒక్క చుట్టు, అంటే పన్నెండు బార్లు మాత్రమే తీసుకోవాలి. చిన్నదైనా ముగింపు ఉన్న మాట చెప్పడం దీనివల్ల వస్తుంది. నాలుగు, వంతు అయిపోయాక పక్కవాడి ముఖం చూసి తల ఊపి అప్పగించాలి. లీడ్ అంటే అందరికన్నా ఎత్తున కూర్చోవడం కాదు. కాసేపు బరువు మోసి పక్కవాడి భుజానికి ఇవ్వడం.

మరి మన పాట సంగతి

ఇప్పుడు పెద్దలు అడిగే ప్రశ్న దగ్గరికి వద్దాం. "మన పాటలే పోతున్నాయి, మీకు అమెరికా పాట ఎందుకురా?" ఈ మాట మేము ఇంట్లో విన్నాం, సంఘం మీటింగులో విన్నాం. ఇది న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటవేయం.

మన పాటలు ఎలా పోతున్నాయో మేము పెళ్లిళ్లలో చూస్తున్నాం. ముందు పాడే అవ్వ ఇంకా ఉంది. ఆమెకు పాట గుర్తుంది. అందుకునే వరుస లేదు. పిల్లలు డీజే దగ్గర ఉన్నారు. అవ్వ ఒక వరుస పాడుతుంది, జవాబు రాదు. ఇంకో వరుస పాడుతుంది, రాదు. మూడోది పాడదు. పాట మరిచిపోవడం వల్ల ఆగలేదు. అందుకునేవాళ్లు లేక ఆగింది.

మాకు బ్లూస్ నేర్పింది ఈ అందుకోవడమే. ఎదుటి పాట ఎక్కడ ఆగుతుందో పట్టుకునే చెవి వచ్చాక, ఆ చెవితోనే మా అవ్వల పక్కన కూర్చున్నాం. మాకు భాష అంతా రాదు. కొందరికి గోండి అర్థమవుతుంది కానీ పాడటం రాదు. అయినా వరుస చివరి మాట పట్టుకుని అందుకోవడం మొదలుపెట్టాం. అందుకుంటుంటే ఆమె తరువాతి వరుస ఇస్తుంది. ఒక పాటకు ఆరు వరుసలు ఉన్నాయనుకున్నది, కూర్చుంటే ఇరవై దాటింది.

మన ప్రధాన్ల కిక్రి చూడండి. మూడు తీగలు, ఒక కమాను. మన పూర్వీకుల కథలన్నీ దాని మీద నడిచాయి. కథ చెప్పే గొంతు పక్కనే అది మనిషిలా పలుకుతుంది. కిక్రికి ఫ్రెట్లు లేవు. బ్లూస్ వాళ్లు తీగ లాగి, కష్టపడి తెచ్చుకునే నడిమి స్వరాలు దాని మీద మామూలుగానే పలుకుతాయి. గిటార్ నేర్చుకున్నాకే కిక్రి పట్టిన తాత వేళ్లను మేము దగ్గరగా చూశాం. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా ఫొటోలు పంచుకున్నాం. ఫొటో పంచుకోవడం మంచిదే. పక్కన కూర్చుని ఒక వరుస అందుకోవడం ఇంకా మంచిది.

ఒక హద్దు కూడా పెట్టుకున్నాం. పెర్సాపేన్ పూజ పాటల మీద గిటార్ వాయించం. అవి వేదిక పాటలు కావు. పెళ్లి పాట, పని పాట అయినా, పాడే పెద్దలను అడిగి, వాళ్లు సరే అంటేనే తోడు వాయిస్తాం.

పేరు రాసుకోండి

టట్‌వైలర్ స్టేషన్‌లో పేరు లేకుండా పోయిన మనిషిని గుర్తుంచుకోమన్నాం కదా. బ్లూస్ చరిత్రలో అలాంటి అన్యాయాలు చాలా ఉన్నాయి. ఆర్థర్ క్రడప్ అనే ఆయన 'దట్స్ ఆల్ రైట్' అనే పాట కట్టి 1946లో రికార్డు చేశాడు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడి పేరు తెచ్చుకున్నాడు. క్రడప్ కూలి పని చేసుకుంటూ బతికాడు. ఆయనకు న్యాయంగా రావాల్సిన రాయల్టీలో చాలా భాగం బతికి ఉండగా అందలేదు. 1974లో చనిపోయాడు.

ఇంకో రకం కథ కూడా ఉంది. 1941లో అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి పరిశోధకుడు జాన్ వర్క్ రికార్డు యంత్రం పట్టుకుని మిసిసిపీ వచ్చారు. స్టోవాల్ అనే పత్తి తోటలో మడ్డీ వాటర్స్ పాటలు రికార్డు చేశారు. తరువాత తనకు రెండు రికార్డులు, 20 డాలర్ల చెక్కు పంపారని మడ్డీ వాటర్స్ చెప్పుకున్నాడు. తన గొంతు తాను విన్నాక, నేను పాడగలను అన్న ధైర్యం ఆయనకు వచ్చింది. రెండేళ్లకు షికాగో రైలు ఎక్కాడు. పాడిన మనిషికి పాట తిరిగి చేరితే ఏం జరుగుతుందో ఇది చెబుతుంది. ఆ రికార్డింగుల వెనుక జాన్ వర్క్ చేసిన పనికి మాత్రం చాలా ఏళ్లు సరైన గుర్తింపు రాలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోన్‌లో అవ్వ పాట రికార్డు చేస్తే మూడు పనులు చేయండి. ముందు అడగండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భపు పాటో పాట మొదట్లోనే మీ నోటితో చెప్పి రికార్డు చేయండి. అయిపోయాక వాళ్లకు వినిపించండి. రీల్స్‌లో పెట్టాలంటే మళ్లీ అడగండి. ఈ పని మనం చేయకపోతే ఎవరో వచ్చి రికార్డు చేసుకుపోతారు. పాట మిగులుతుంది, అవ్వ పేరు మిగలదు.

చివరగా మేము అడిగేది చిన్నది. గిటార్ ఉన్నవాళ్లు గోడ మీద నుంచి దించండి. మూడు కార్డులు, ఐదు స్వరాలు, పన్నెండు బార్లు. ఒక వరుస పాడండి, రెండు బార్లలో జవాబు ఇవ్వండి, ఆగండి. గిటార్ లేనివాళ్లు బాధపడకండి, చెవి ఉంటే సగం విద్య ఉన్నట్టే. ఈ నెలలో మీ ఊళ్లో ముందు పాడే ఒక అవ్వ దగ్గర కానీ, అత్త దగ్గర కానీ ఒక సాయంత్రం కూర్చోండి. ఆమె మొదటి వరుస పాడనివ్వండి. రెండో వరుస మీరు అందుకోండి.

నేర్చుకునేవాళ్లు ఎవరు వచ్చినా, ఆదివారం సాయంత్రాలు మా దగ్గర రెండు గిటార్లు, ఒక చాప ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.